వేళ్ళకి అందిన తెర

వసంతలక్ష్మికి ఐదో ఏట తట్టు వచ్చి చూపు పోయింది. మరుసటి ఏడాది వాళ్ళ నాన్న ఆమెను విశాఖలో అంధ బాలికల వసతి పాఠశాలలో చేర్పించి, "ముందు ఈ బ్రెయిల్ చుక్కలు నేర్చుకో తల్లీ, మిగతావన్నీ వాటంతట అవే వస్తాయి" అని చెప్పి వెళ్ళాడు.

వాటంతట అవేమీ రాలేదు. ప్రతిదాని వెంటా ఆమే పడాల్సి వచ్చింది. డిగ్రీ పాఠాలు బ్రెయిల్‌లో దొరక్కపోతే స్నేహితురాళ్ళ చేత క్యాసెట్లలో చదివించుకుని, విని, తనే చుక్కల్లోకి ఎక్కించుకునేది. 2006లో లక్ష్మీపతిని పెళ్ళి చేసుకుని ఇల్లినాయ్ వచ్చాక వర్క్ పర్మిట్ లేక కొన్నేళ్ళు ఇంట్లో ఉండాల్సి వస్తే, ఆ కాలంలో ఇంగ్లీషు బ్రెయిల్ ప్రూఫ్ రీడర్ పరీక్ష రాసింది. అది పాసయ్యాక సంగీతం బ్రెయిల్ మొదలుపెట్టింది. అందులోనూ ఒక్కో గడిలో అవే ఆరు చుక్కలు. కానీ అక్షరాలకు బదులు స్వరం, అది ఎంతసేపు పలకాలి, ఏ వేలు ఎక్కడ పెట్టాలి, వయొలిన్ కమాను పైకి లాగాలా కిందికి లాగాలా అన్నీ ఆ చుక్కల్లోనే ఉంటాయి. ఆ పరీక్ష రెండుసార్లు తప్పింది. మూడోసారి గట్టెక్కింది.

పదేళ్ళ కిందట షామ్‌బర్గ్‌లో ఒక చిన్న బ్రెయిల్ ముద్రణ సంస్థలో ఆమెకు ఉద్యోగం దొరికింది. ఇండియన్ గ్రోసరీ స్టోర్ వెనక వైపు, పొడుగాటి షెడ్డు లాంటి భవనం. పనిచేసేవాళ్ళు ఎనిమిది మంది. వసంతలక్ష్మి చదువుతుంటే కుడిచేతి వేళ్ళు ఒక లైను చివర ఉండగానే ఎడమచేతి వేళ్ళు కింది లైను అందుకునేవి. తప్పు దొరికితే ఆగి, పేజీ, లైను, గడి నంబరు కంప్యూటర్‌లో కొట్టి, మళ్ళీ సాగేది. ఆమె చూసి పంపిన పుస్తకంలో తప్పుందని ఎవరైనా అంటే ఆ రోజంతా ఆమెకు అన్నం సయించేది కాదు.

2023 ఏప్రిల్‌లో ఒక సోమవారం ఉదయం సంస్థ డైరెక్టర్ డయాన్ ఆమె టేబుల్ దగ్గరికి వచ్చింది. కాలిఫోర్నియాలోని డబ్లిన్ నుంచి ప్రణీత అనే పదహారేళ్ళ అమ్మాయి ఈమెయిల్ రాసిందట. పుట్టుకతోనే చూపు లేదు, వయొలిన్ నేర్చుకుంటోంది. సంస్థ పాత కేటలాగ్‌లో ఉన్న ఒక వయొలిన్ అభ్యాసాల పుస్తకం, అరవై అభ్యాసాలు, మూడు సంపుటాలు, తనకు కావాలని అడిగింది.

"అది మన దగ్గర లేదు. పాత డిస్కుల్లో ఉండిపోయింది" అంది డయాన్. "పేరు చూస్తే మీవాళ్ళ అమ్మాయిలా ఉంది. ఈమెయిల్‌లో కాదనడం బాగుండదు. నువ్వు ఫోన్ చేసి చెప్తావా?"

వసంతలక్ష్మి ఫోన్ చేసింది.

"మీరు తెలుగా ఆంటీ?" అంది ప్రణీత. గొంతులో సంతోషం దాచుకోలేదు. మాటల చివర్లు అమెరికన్ యాసలో మెత్తగా అయిపోతున్నాయి. "బ్రెయిల్ వాళ్ళు తెలుగులో మాట్లాడతారు అంటే అమ్మ నమ్మదు."

"తెలుగేనమ్మా. నువ్వడిగిన బుక్ గురించే చేశాను. అది ముప్పై ఏళ్ళ కిందటి ఫ్లాపీ డిస్కుల మీద ఉంది. వాటిని చదివే కంప్యూటర్ ఇప్పుడు మా దగ్గర లేదు."

"మళ్ళీ టైప్ చేస్తారా?"

"మ్యూజిక్ బ్రెయిల్ చేసేవాళ్ళు చాలా తక్కువమంది. రెండేళ్ళ వెయిటింగ్ ఉంది."

ప్రణీత నెమ్మదిగా అంది: "నేను రికార్డింగ్ విని నేర్చుకుంటా ఆంటీ. నోట్స్ వినపడతాయి. కానీ ఏ ఫింగర్, బో ఎటు వెళ్ళాలి, అది వినపడదు కదా. మా టీచర్ నా చెయ్యి పట్టుకుని చూపిస్తారు. మిగతా కిడ్స్ ఇంట్లో చదువుకుని క్లాస్‌కి వస్తారు. నాకు ప్రతిదీ క్లాస్‌లోనే ఫస్ట్ టైమ్."

వసంతలక్ష్మి ఫోన్ రెండో చెవికి మార్చుకుంది.

"అంటే బుక్ ఉంది. లేదు అని కాదు" అంది ప్రణీత.

"ఉంది."

"అయితే నేను వెయిట్ చేస్తా. యూత్ ఆర్కెస్ట్రా ఆడిషన్ జాన్యువరీలో."

కాదని చెప్పడానికి చేసిన ఫోన్ అలా ముగిసింది. వసంతలక్ష్మి లేచి కర్ర అందుకుని వెనకున్న స్టోర్ రూమ్‌కి నడిచింది.

స్టోర్ రూమ్‌లో ఇనుప అరల మీద అట్టపెట్టెలున్నాయి. ఒక పెట్టె మూత తీస్తే పలచటి చదరపు డిస్కులు నిలువుగా పేర్చి ఉన్నాయి. ఒక్కొక్కటీ అరచెయ్యంత. ప్రతిదాని మీదా బ్రెయిల్ పట్టీ అంటించి ఉంది. వేళ్ళతో తడుముతూ పోతే వయొలిన్ పుస్తకం దొరికింది. పదకొండు డిస్కులు, వరుస క్రమంలో. మొత్తం మీద ఆ గదిలో ఆరువందల నలభై డిస్కులున్నాయని తర్వాత లెక్క తేలింది. అన్నీ మార్జరీ హాన్సన్ అనే ఆవిడ చేసినవి. చూపున్న మనిషే. జీతం తీసుకోకుండా, 1985 నుంచి పన్నెండేళ్ళ పాటు, అప్పట్లో ఇక్కడి బడులన్నిటిలోనూ ఉండే ఒక రకం చిన్న కంప్యూటర్ మీద కూర్చుని అరవైకి పైగా సంగీత పుస్తకాలను బ్రెయిల్‌లోకి మార్చింది. సంస్థ దగ్గరున్న ఆ కంప్యూటర్ 2009లో పొగ వచ్చి చచ్చిపోయింది. దాన్ని బయట పడేశారు.

"సెప్టెంబర్ చివరికి ఆ గది ఖాళీ చేస్తున్నాం వసంతా" అంది డయాన్. "ఆ డిస్కులు పారేయక తప్పదు. ఇదివరకు ఇద్దరు కంప్యూటర్ వాళ్ళని అడిగాను. ఫైళ్ళు బయటికి తీసినా ఆ పాత బ్రెయిల్ ప్రోగ్రామ్ తప్ప ఇంకేదీ వాటిని తెరవలేదన్నారు."

"సెప్టెంబర్ దాకా వాటిని నాకివ్వండి."

"నీ ప్రూఫ్ పని?"

"ఆగదు. రోజూ ఒక గంట ముందు వస్తాను."

డయాన్ కాదనలేదు. నమ్మకంతో ఒప్పుకున్నట్టు మాత్రం లేదు.

లక్ష్మీపతి ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో నెట్‌వర్క్ పని చూస్తాడు. మితంగా మాట్లాడే మనిషి. మర్నాటి నుంచి ఆమెను ఏడింటికల్లా ఆఫీస్ దగ్గర దింపి, తను కార్‌లోనే కూర్చుని కాఫీ తాగి, తర్వాత తన ఆఫీస్‌కి వెళ్ళేవాడు. ఎందుకని ఒక్కసారీ అడగలేదు.

ముందు డిస్కుల్లో ఉన్నది బయటికి రావాలి. డిస్కులు తిప్పి చదివే పాత డ్రైవ్ ఒకటి, దాన్ని యూఎస్‌బీకి కలిపే చిన్న బోర్డు ఒకటి తెప్పించింది. ఆ బోర్డు మాటలతో నడుస్తుంది. కమాండ్ టైప్ చేస్తే పని చేసి, ఏమైందో అక్షరాల్లో చెబుతుంది. కంప్యూటర్ తెర మీది అక్షరాలను పైకి చదివే సాఫ్ట్‌వేర్ ఆమె దగ్గర ఉంది కాబట్టి ఇందులో ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది. వారం తిరిగేసరికి మంచి డిస్కునీ చెడ్డ డిస్కునీ చప్పుడుతోనే పోల్చుకోగలిగింది. మంచిదైతే డ్రైవ్ ఒకే తీరులో టిక్ టిక్ అంటూ ముందుకి జరుగుతుంది. చెడ్డదైతే ఒకచోట ఆగి, వెనక్కెళ్ళి, మళ్ళీ గీరుకుంటుంది. వయొలిన్ డిస్కుల్లో ఏడోది అలా మొండికేసింది. డ్రైవ్‌లో డిస్కుని తాకే ముక్కను స్పిరిట్‌తో తుడిచి, డిస్కుని ఆరబెట్టి, పధ్నాలుగో ప్రయత్నంలో మొత్తం లాగింది.

ఇప్పుడు వాటిని తెరవాలి. అందుకు ఎమ్యులేటర్ కావాలి. ఎమ్యులేటర్ అంటే ఈనాటి కంప్యూటర్‌లో నడుస్తూ ఆనాటి కంప్యూటర్‌లా నటించే ప్రోగ్రామ్. పాత యంత్రంలోని ప్రాసెసర్, మెమరీ, డ్రైవ్ ఎలా మెలిగేవో అచ్చం అలాగే మెలుగుతుంది. మార్జరీ వాడిన బ్రెయిల్ ప్రోగ్రామ్‌ని అందులో పెడితే, అది తన సొంత యంత్రంలోనే ఉన్నాననుకుని పనిచేస్తుంది. దాని అసలు డిస్కు మొదటి పెట్టెలోనే దొరికింది.

వసంతలక్ష్మి ఎమ్యులేటర్ మొదలుపెట్టింది. పాత యంత్రం చిన్న 'బీప్' కొట్టి లేచింది. డ్రైవ్ చప్పుడు కూడా స్పీకర్లోంచి వినిపించింది. తర్వాత నిశ్శబ్దం. ఆమె బాణం కీలు నొక్కింది, ఎంటర్ నొక్కింది. తెర చదివే సాఫ్ట్‌వేర్ ఎమ్యులేటర్ పేరొక్కటి చెప్పి ఊరుకుంది.

కారణం ఆమెకు త్వరలోనే తెలిసింది. పాత యంత్రం తెరను ఎమ్యులేటర్ బొమ్మలా గీస్తుంది. చూసేవాళ్ళకు అవి అక్షరాలే. చదివే సాఫ్ట్‌వేర్‌కి మాత్రం ఫోటో ఎంతో అదీ అంతే. ముప్పై ఏళ్ళ కిందటి కంప్యూటర్ తన ముందు ప్రాణం పోసుకుని కూర్చుంది. అది ఏమంటోందో ఆమెకు తెలియదు.

శనివారం పొద్దున్న ఇంట్లో లక్ష్మీపతి పక్కన కూర్చున్నాడు.

"నేను చదువుతాను, నువ్వు చెప్పినట్టు నొక్కుతాను. దానికేం?" అన్నాడు.

మెనూ వరకు బాగానే సాగింది. మొదటి అభ్యాసం ఫైలు తెరిచేసరికి ఆయన ఆగిపోయాడు.

"ఇదేదో పాడైపోయింది వసంతా. అంతా చెత్త చెత్తగా ఉంది."

"చెత్తే చదవండి."

"క్వశ్చన్ మార్క్. కోలన్. డాలర్. క్లోజ్ బ్రాకెట్."

వసంతలక్ష్మి వేళ్ళు ఒళ్ళో కదిలాయి. బ్రెయిల్‌లోని ఒక్కో గడికి కీబోర్డు మీద ఒక్కో గుర్తు ఉంటుంది. క్వశ్చన్ మార్క్ అంటే ఒకటి, నాలుగు, ఐదు, ఆరు చుక్కలు.

"స రి గ మ" అంది ఆమె.

"ఏంటి?"

"మీరు చదివింది స రి గ మ. పాడవ్వలేదండీ. బుక్ ఉంది."

ఆయన మళ్ళీ చదివాడు. బ్యాక్‌స్లాష్, ఓపెన్ బ్రాకెట్, డబ్ల్యూ. ఆమె ప ద ని అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. గంట గడిచేసరికి పదకొండు లైన్లు అయ్యాయి. లక్ష్మీపతి గొంతు బొంగురుపోయింది. రెండుచోట్ల కామాని ఫుల్‌స్టాప్ అని చదివి, తర్వాత తనే దిద్దుకున్నాడు. ఆ పుస్తకం మొత్తం నాలుగువందల పేజీలు.

"మీ ఆఫీస్‌లో ఎవరైనా ఇంటర్న్ ఉంటే కూర్చోబెట్టి చదివించవచ్చు" అన్నాడు ఆయన నీళ్ళు తాగుతూ.

"చదివించవచ్చు. తప్పు చదివితే నాకెలా తెలుస్తుంది? పుట్టి బుద్ధెరిగాక ఎవరో ఒకరు చదివి పెడితే వింటూనే బతికాను. ఈ బుక్ చూపులేని వాళ్ళ కోసం చేసింది. దాన్ని తెరవడానికి చూపున్నవాళ్ళు కావాలంటే నేనొప్పుకోను."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "మరేం చేద్దామంటావ్?"

"తెరని నా వేళ్ళ దగ్గరికి తెస్తాను."

ఆమె కీబోర్డు ముందు ఎప్పుడూ ఒక సన్నటి పలక ఉంటుంది. దాన్ని బ్రెయిల్ డిస్‌ప్లే అంటారు. అందులో వరసగా నలభై గళ్ళు. కంప్యూటర్ పంపిన అక్షరాన్నిబట్టి ఒక్కో గడిలో చుక్కలు లేస్తాయి, పడతాయి. పాత కంప్యూటర్ తెర మీది అక్షరాలను బొమ్మగా మారకముందే పట్టుకోగలిగితే వాటిని ఈ పలక మీదికి పంపవచ్చు. ఎక్కడ పట్టుకోవాలన్నదే ప్రశ్న.

ఎమ్యులేటర్‌ని తయారుచేసి సరిచేస్తూ ఉండేవాళ్ళు దేశదేశాల్లో ఉన్న ఔత్సాహికులు. వాళ్ళు మాట్లాడుకునే ఫోరమ్‌లో ఆమె తన సంగతి రాసింది. మూడోరోజున ఒకాయన జవాబిచ్చాడు. ఆ పాత యంత్రం తెర మీద చూపాల్సిన అక్షరాలను మెమరీలో ఒకచోట, 1024 నుంచి 2047 దాకా ఉన్న గళ్ళలో పెట్టుకుంటుందట. ఎమ్యులేటర్‌కి చిన్న స్క్రిప్ట్, అంటే కొన్ని లైన్ల ఆదేశాలు, రాసిస్తే, ఆ గళ్ళలో ఏముందో అది చదివి ఇస్తుందట.

ఆమెకు ప్రోగ్రామింగ్ కొద్దిగానే వచ్చు. చూపులేని ప్రోగ్రామర్ల మెయిలింగ్ లిస్టులో చేరి నాలుగేళ్ళ కిందట కాస్త నేర్చుకుంది, అంతే. మే నెలంతా ఉదయం ఏడు నుంచి ఎనిమిది దాకా ఆ స్క్రిప్ట్‌తో కుస్తీ పట్టింది. మొదట పలక మీదికి వచ్చినవి అర్థంలేని చుక్కలు. ప్రతి అక్షరం విలువకీ ఆ యంత్రం 128 కలిపి దాచుకుంటోందని తెలుసుకుని, దాన్ని తీసేసింది. అప్పుడు ఇంగ్లీషు మాటలు వేళ్ళకి తగిలాయి. కానీ ఆ మాటలు ఒకదాని తర్వాత ఒకటి అతకడం లేదు. ఒక వాక్యం మొదలై, మధ్యలో ఇంకెక్కడిదో వాక్యం వచ్చేది. పైగా ప్రతి మూడు లైన్లకీ ఓసారి అక్షరాలు ఎనిమిది గళ్ళు పక్కకి జరిగిపోయేవి.

స్క్రిప్ట్ తప్పనుకుని చెరిపి మళ్ళీ రాసింది. మూడుసార్లు రాసింది. మూడుసార్లూ అదే.

నాలుగో వారం ఒక గురువారం, డిస్కులో ఉన్న ఫైళ్ళ జాబితాను తెర మీదికి తెప్పించింది. తెర నిండా ఇరవై నాలుగు ఫైళ్ళు, ప్రతిదాని ముందూ అంకె. వాక్యాలు పక్కనపెట్టి అంకెలు మాత్రం తడిమి చూసింది. ఒకటి. తొమ్మిది. పదిహేడు. తర్వాత ఎనిమిది గళ్ళ చెత్త. రెండు. పది. పద్దెనిమిది. మళ్ళీ ఎనిమిది గళ్ళ చెత్త. మూడు. పదకొండు. పంతొమ్మిది.

ఆమె వేళ్ళు పలక మీద అలాగే ఆగాయి. తప్పు స్క్రిప్ట్‌లో లేదు. ఆ యంత్రమే లైన్లను ఎనిమిదేసి దాటుకుంటూ దాచుకుంటోంది. ఎవరో ఇంజనీరు ఒక చిప్పు ఆదా చేయడానికి అప్పట్లో వేసిన ఎత్తు అది అని ఫోరమ్ వాళ్ళు తర్వాత చెప్పారు. కారణం ఏదైనా లెక్క దొరికింది. చెత్త గళ్ళు వదిలేసి, లైన్లను వాటి వరుసలో పేర్చమని స్క్రిప్ట్‌లో తొమ్మిది లైన్లు చేర్చింది. ఎనిమిదికి పది నిమిషాలుందనగా మళ్ళీ నడిపింది.

ఒకటి. రెండు. మూడు. నాలుగు.

పాత యంత్రం తెర వెడల్పు సరిగ్గా నలభై అక్షరాలు. ఆమె పలకలోనూ నలభై గళ్ళే. ఒక లైనుకి ఒక లైను అమరిపోయింది. మొదటి అభ్యాసం తెరిచింది. లక్ష్మీపతికి డాలర్లూ బ్రాకెట్లూ అయినవి ఆమె వేళ్ళ కింద నేరుగా స్వరాలయ్యాయి. కమాను కిందికి, మూడో వేలు, మళ్ళీ కమాను పైకి. డయాన్ వచ్చి గుడ్ మార్నింగ్ చెప్పింది. వసంతలక్ష్మి వినిపించుకోలేదు.

ఆ తర్వాత పని తేలికవుతుందనుకుంది. కాలేదు.

పాత ప్రోగ్రామ్ ఫైలుని ముద్రించమంటే, ఎమ్యులేటర్ ఆ ముద్రణను కాగితం మీదికి కాకుండా ఒక మామూలు ఫైలులోకి మళ్ళించగలదు. ఆ ఫైలుని ఇప్పటి ఎంబాసర్‌కి, అంటే కాగితం మీద చుక్కలు గుద్దే యంత్రానికి, పంపితే పుస్తకం తయారు. జూన్ మొదటి వారంలో మొదటి సంపుటం అలా ముద్రించింది. చూసినవాళ్ళు బాగుందన్నారు. వసంతలక్ష్మి మాత్రం తన అలవాటు కొద్దీ మొదటి పేజీ నుంచి ప్రూఫ్ చదవడం మొదలుపెట్టింది. మొదటి పేజీ చివర పదిహేడో బార్, అంటే స్వరాల వరసలో పదిహేడో విభాగం, ఉంది. రెండో పేజీ ఇరవై ఒకటితో మొదలైంది. మధ్యలో మూడు బార్‌లు లేవు. ముందుకి వెళ్తే ప్రతి పేజీ అడుగునా ఇదే వరస. ఒక్కో పేజీకి ఒక్కో లైను మాయమవుతోంది.

తెర మీద చూస్తే ఆ లైన్లు ఉన్నాయి. ముద్రణలోనే పోతున్నాయి. మెనూలో ఉన్న ప్రతి దారీ తొక్కి చూసింది. మూడు వారాలు పోయాయి. ప్రోగ్రామ్‌తో వచ్చిన పుస్తకం ఎప్పుడో పోయింది. దాన్ని అమ్మిన కంపెనీ కూడా లేదు.

"ఒక్క లైనే కదా, ఆ అమ్మాయికి చెప్పి పంపేద్దామా?" అంది డయాన్.

"పేజీకి ఒక లైను లేని బుక్ నా చేతి మీదుగా వెళ్ళదు" అంది వసంతలక్ష్మి. ఆ వెంటనే అడిగింది: "మార్జరీ ఉన్నారా?"

ఉంది. ఎనభై తొమ్మిదేళ్ళు. ఎల్జిన్‌లో వృద్ధుల అపార్ట్‌మెంట్‌లో ఉంటోంది. సంస్థ ఏటా పంపే క్రిస్మస్ కార్డుల జాబితాలో అడ్రస్ దొరికింది. జూలైలో ఒక ఆదివారం మధ్యాహ్నం లక్ష్మీపతి కారు నడపగా ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని వసంతలక్ష్మి వెళ్ళింది.

మార్జరీకి చెవులు సరిగ్గా వినపడవు. ప్రతిదీ రెండుసార్లు గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఎవరో అమ్మాయి, వయొలిన్, పాత డిస్కులు అని చెబుతుంటే మర్యాదకి తలూపుతోందే తప్ప ఏమీ అందుతున్నట్టు లేదని లక్ష్మీపతి తెలుగులో చిన్నగా చెప్పాడు. వసంతలక్ష్మి ఇక మాట్లాడటం మానేసి ల్యాప్‌టాప్ తెరిచి ఎమ్యులేటర్ నడిపింది. ఆకుపచ్చ అక్షరాలతో పాత మెనూ వచ్చింది.

మార్జరీ కుర్చీ ముందుకి జరిగిన చప్పుడు వినిపించింది.

"ఇదెక్కడ దొరికింది నీకు?" అంది ఆవిడ. అడిగిన తీరు మారిపోయింది. పనిలో ఉన్న మనిషి అడిగినట్టు అడిగింది. "ఇది నా డిస్కు. దేనికి ఇబ్బంది పడుతున్నావు?"

"ముద్రిస్తే ప్రతి పేజీలో చివరి లైను పోతోంది."

"ముద్రించమంటే అది మొదట ఆగినచోట ఏం కొట్టావు?"

"ఏమీ లేదు. ఎంటర్ కొట్టాను."

"అక్కడే పోయింది. ఎంటర్ కొడితే పేజీకి ఇరవై ఐదు లైన్లనుకుంటుంది. మా ఎంబాసర్ కాగితానికి ఇరవై ఆరు పట్టేవి. నేను అన్నిటినీ ఇరవై ఆరుకే కట్టాను. ప్రతిసారీ అక్కడ ఇరవై ఆరు అని కొట్టాలి. అక్కడ తెర మీద ప్రశ్నేమీ ఉండదు. ఖాళీగా కర్సర్ మెరుస్తుంటుందంతే."

వసంతలక్ష్మి రెండు, ఆరు కొట్టింది. ముద్రణ ఫైలు తెరిచి, తన పలక మీద మొదటి పేజీ అడుగుకి వెళ్ళింది. పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై. మూడు బార్‌లూ ఉన్నాయి.

"వచ్చాయా?" అంది మార్జరీ.

"వచ్చాయి."

"ఈ పుస్తకానికి ఒక ఏడాదిన్నర పట్టింది నాకు" అంది ఆవిడ. "పుస్తకం అయ్యాక ఒక్కరే తీసుకున్నారు, ఆ తర్వాత ఎవరూ అడగలేదు." తర్వాత వసంతలక్ష్మి చెయ్యి పట్టుకుని, ఆ అమ్మాయి పేరేమిటని మళ్ళీ అడిగింది. ఈసారి పేరు పలకడం నేర్చుకుంది. వాళ్ళు బయల్దేరేవరకు ఆ చెయ్యి వదల్లేదు.

ఆగస్టు రెండో వారానికి మూడు సంపుటాలూ తయారయ్యాయి. వసంతలక్ష్మి ప్రతి పేజీ రెండుసార్లు చదివి, పెట్టెల్లో సర్ది, డబ్లిన్‌కి పంపింది. పెట్టెలు చేరిన రోజు ప్రణీత ఫోన్ చేసింది. కాగితం మీద వేళ్ళు జరుగుతున్న చప్పుడు, ఆగి వయొలిన్ మీద రెండు స్వరాలు, మళ్ళీ కాగితం. ఆ పిల్ల మొదటి లైను చదివి వాయించేవరకు వసంతలక్ష్మి ఫోన్ పట్టుకునే కూర్చుంది.

"ఆంటీ, ఇక్కడ సెకండ్ ఫింగర్. నేను ఇన్నాళ్ళూ ఫస్ట్ ఫింగర్‌తో వాయిస్తున్నా" అంది చివరికి.

వయొలిన్ పుస్తకంతో ఆమె ఆగలేదు. సెప్టెంబర్ గడువు అలాగే ఉంది. రోజూ ఏడింటికి వచ్చి, ప్రూఫ్ చదువుతూ కూడా పక్కన డ్రైవ్ నడుస్తుండగా, ఒక్కో డిస్కూ మారుస్తూ పోయింది. సెప్టెంబర్ నెలాఖరుకి ఆరువందల నలభైలో ఐదువందల ఎనభై ఏడు భద్రంగా కంప్యూటర్‌లోకి చేరాయి. మిగిలిన యాభై మూడు ఎంత ప్రయత్నించినా కదల్లేదు. గది ఖాళీ చేసే రోజున డయాన్ ఆ యాభై మూడింటినీ పెట్టెలో పెట్టుకుని తన ఆఫీసు అరలోకి మోసుకెళ్ళింది. వాటిని పారేయమని ఇక అనలేదు.

ఆ స్క్రిప్ట్‌ని వసంతలక్ష్మి ఫోరమ్ వాళ్ళకి ఇచ్చేసింది. ఒహాయో నుంచి చూపులేని పెద్దాయన ఒకరు, ఉద్యోగంలో ఉన్నప్పుడు అదే రకం కంప్యూటర్‌లో రాసుకున్నవి ముప్పై ఐదేళ్ళ తర్వాత మళ్ళీ చదువుకున్నానని ఆమెకు రాశాడు. ఆ ఉత్తరాన్ని ఆమె ఇంట్లో లక్ష్మీపతికి పైకి చదివి వినిపించింది.

జనవరి ఆడిషన్‌లో ప్రణీత బాగానే వాయించింది. ఆర్కెస్ట్రాలో ఆమె కోరుకున్న మొదటి వయొలిన్ల వరుస దొరకలేదు. రెండో వయొలిన్లలో చోటిచ్చారు. వచ్చే ఏడు మళ్ళీ ప్రయత్నిస్తానంది.

ఫిబ్రవరిలో ఆమె దగ్గర నుంచి ఒక ఈమెయిల్ వచ్చింది. ముప్పై ఒకటో అభ్యాసంలో పన్నెండో బార్‌లో రెండో వేలు అని ఉంది. అలా పెడితే తర్వాతి స్వరానికి చెయ్యి అందడం లేదు. మూడో వేలు అనుకుంటా, మీరు చెక్ చేస్తారా అని అడిగింది.

వసంతలక్ష్మి ఆ పేజీ తీసి తడిమింది. లిపి ప్రకారం అక్కడ ఏ తప్పూ లేదు. తను రెండుసార్లు చదివినా దొరకనిది అందుకే. వాయించే చేతికే తెలిసే తప్పు అది. గ్రంథాలయం నుంచి అచ్చు పుస్తకం తెప్పించి లక్ష్మీపతిని చూడమంది.

"త్రీ" అన్నాడు ఆయన. "సరిగ్గా నోట్ మీద రాసి ఉంది. త్రీ."

ఈ పుస్తకం చేసేటప్పుడు, 1989లో, మార్జరీ అక్కడ ఒక్క చుక్క తక్కువ కొట్టింది. వసంతలక్ష్మి మర్నాడు ఏడింటికి ఆఫీసుకి వెళ్ళి, ఎమ్యులేటర్ నడిపి, ఆరో డిస్కు పెట్టింది. పన్నెండో బార్ దగ్గరికి వెళ్ళింది. పలక మీద రెండో వేలు గుర్తు ఆమె వేలికి తగిలింది. దాన్ని చెరిపి మూడో వేలు గుర్తు కొట్టింది. డిస్కులో దాచమని పాత ప్రోగ్రామ్‌కి చెప్పి, స్పీకర్లో డ్రైవ్ తిరిగి ఆగేదాకా విని, ఆ ఒక్క పేజీని మళ్ళీ ముద్రించి, కవరు మీద డబ్లిన్ అడ్రస్ అంటించింది.